బలేంద్రుడి బాబాయి

(కలకత్తాలో తెలుగువారు జరుపుకున్న సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)

ముందు వరుసలో కూచున్న మా చెల్లెలికీ, బావకీ, వెనక నిలబడి ఉన్న మావాడి స్నేహితులందరికీ నమస్కారం.

ఆహ్వానపత్రంలో అతని పూర్తి పేరు వేశారు. నేనెప్పుడూ వాణ్ణి ఆ పేరుతో పిలవలేదు. నా మేనల్లుడు. వయసులో ఒక తరం చిన్నవాడు, అయినా ఈ ఊళ్లో నాకున్న స్నేహితుల్లో వాడికంటే దగ్గరివాడు లేడు. అందుకని ఈ కాసేపూ మావాడనే అంటాను.

వాడి గురించే మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నాలుగు మాటలయ్యాక గొంతు పెగలదని నాకు తెలుసు. వాడు చివరి ఏడాదంతా చదువుతూ, కాయితాల మీద తెలుగు చేస్తూ ఉన్న రచయిత గురించి మాట్లాడతానన్నాను. బలేంద్రనాథ్ ఠాకూర్. ఠాకూరు ఇంటివాళ్లకి బలు. పుట్టింది 1870 నవంబరులో, పోయింది 1899 ఆగస్టులో. ముప్పై నిండలేదు. రవీంద్రనాథుడికి అన్నగారి కొడుకు. బాబాయికీ అబ్బాయికీ మధ్య తొమ్మిదేళ్లే తేడా. చుట్టరికం, స్నేహం ఒకే మనిషిలో కలిసి వచ్చాయి. అలాంటి మనిషి పోతే రెండు రకాలుగానూ పోతాడు.

పెద్దవాళ్లు పోయినప్పుడు తలచుకోవడానికి నిండు జీవితం ఒకటి ఉంటుంది. చిన్నవాడు పోతే మిగిలేవి సగం సగం పనులు, సగంలో నిలబడిపోయిన మనుషులు. ఆ సగాల దగ్గర బతికున్న పెద్దవాడు ఏం చేశాడు? బలు కథలో నేను వెతికింది ఇదే.

జోడాసాంకో ఇల్లు మీలో చాలామంది చూసే ఉంటారు. గిరీశ్ పార్క్ మెట్రోలో దిగి, చిత్పూర్ రోడ్డు పట్టుకుని, ద్వారకానాథ్ ఠాకూర్ సందులోకి తిరిగితే ఎర్ర ఇల్లు. ఇప్పుడది మ్యూజియం. అక్కడికి వెళ్లినవాళ్లు రవీంద్రుడు కన్నుమూసిన గది దగ్గర చేతులు జోడించి వచ్చేస్తారు. ఆ ఇంట్లోనే రవీంద్రుడి తండ్రి మహర్షి దేవేంద్రనాథుడి నాలుగో కొడుకు వీరేంద్రనాథుడు ఉండేవాడు. మతి చలించిన మనిషి. ఆయన భార్య ప్రఫుల్లమయి. వాళ్లకి ఒక్కడే కొడుకు బలు. భర్త అలాంటి స్థితిలో ఉండగా ఆ తల్లి ప్రాణమంతా ఆ ఒక్క పిల్లవాడి మీదే పెట్టుకుంది. పెద్ద ఉమ్మడి కుటుంబం, ఇంటినిండా పిల్లలు. అవనీంద్రుడు, సురేంద్రుడు, సుధీంద్రుడు అందరూ ఇంచుమించు బలు ఈడువాళ్లే. వాళ్లందరిలోనూ రవిబాబాయిని అంటిపెట్టుకుని తిరిగినవాడు బలు.

1885లో రవీంద్రుడి రెండో వదినగారు జ్ఞానదానందిని పిల్లల కోసం 'బాలక్' అనే పత్రిక పెట్టింది. పద్నాలుగేళ్ల బలు అందులో రాయడం మొదలుపెట్టాడు. 1891లో 'సాధన' పత్రిక వచ్చింది. రవీంద్రుడి గొప్ప కథలు ఎన్నో అందులో అచ్చయ్యాయని మనకి తెలుసు. ఆ పక్క పేజీల్లోనే బలు వ్యాసాలు కూడా అచ్చయ్యాయి. శాకుంతలం మీద, మృచ్ఛకటికం మీద, ఉత్తరరామచరితం మీద, జయదేవుడి మీద, రవివర్మ బొమ్మల మీద రాశాడు. ఇంట్లో జరిగే శుభకార్యాల మీద, విందుకి పిలిచే పద్ధతి మీద కూడా రాశాడు. కాళిదాసు కావ్యాన్ని ఎంత శ్రద్ధగా చూశాడో ఇంటి ముంగిట్లో జరిగే వేడుకనీ అంత శ్రద్ధగానే చూశాడు. 'చిత్ర ఓ కావ్య' 1894లో వచ్చింది. తర్వాత 'మాధవిక', 'శ్రావణి' అని రెండు చిన్న కవితల పుస్తకాలు. బతికుండగా వచ్చినవి అంతే.

ఒక సంగతి కాస్త నిదానంగా చెప్పాలి.

1880ల చివర, ఒక నవంబరు. రవీంద్రుడు భార్య మృణాళినితో, బలుతో కలిసి శిలాయిదహ దగ్గర పద్మ మీద పడవలో ఉన్నాడు. అవతల ఒడ్డున కనుచూపు మేర ఇసుక దిబ్బ. చెట్టు లేదు, ఊరు లేదు. ఒక సాయంత్రం మృణాళిని, ఆమె తోడుగా వచ్చిన ఆవిడ, బలు నడకకి వెళ్లారు. పొద్దు వాలింది. చీకటి పడింది, వెన్నెల వచ్చింది. వాళ్లు రాలేదు. రవీంద్రుడు దీపం పట్టుకున్న మనిషిని ఒక వైపు పంపాడు, నౌకర్ని ఒక వైపు పంపాడు, పడవవాళ్లని ఇంకో వైపు పంపాడు. తను ఇసుకలోకి దిగి "బలూ, బలూ" అని కేకలు వేశాడు. నౌకరు మృణాళినిని పిలుస్తున్నాడు, పడవవాళ్లు బాబూ బాబూ అంటున్నారు. ఎక్కడినుంచీ జవాబు లేదు. ఊబిలో దిగబడ్డారేమో, బలు మూర్ఛపోయి పడ్డాడేమో, ఏ జంతువో మీద పడిందేమో అని ఒకదాని మీద ఒకటి భయాలు. చివరికి వాళ్లు దారి తప్పి వేరే దిబ్బ మీద చిక్కుకుపోయారని తెలిసింది. పడవ పంపి తీసుకొచ్చారు. ఇదంతా రవీంద్రుడు అన్నగారి అమ్మాయి ఇందిరకి ఉత్తరం రాశాడు. 'ఛిన్నపత్ర'లో ఉంది. గండం గడిచాక రాసింది కాబట్టి నవ్వుతూనే రాశాడు.

ఆ పేజీ నాకు చదివి వినిపించింది మావాడే. గరియాహాట్‌లో వాడి అద్దె గదిలో, నేల మీద చాప వేసుకుని కూచుని, బెంగాలీలో ఒక వాక్యం చదివి తెలుగులో ఒక వాక్యం చెప్పి. ఆ కేకల దగ్గర ఆగాడు. "మావయ్యా, ఈ మనిషికి తను రాస్తున్నదేమిటో అప్పుడు తెలీదు కదా" అన్నాడు. పదేళ్లు తిరక్కుండా బలు నిజంగానే అందని చోటికి వెళ్లిపోతాడని ఉత్తరం రాసేవాడికి తెలీదు, చదివే మనకి తెలుసు. ఆ పేజీ చదివి వినిపిస్తున్నవాడి సంగతి వింటున్న నాకూ తెలీదు.

1893లో బాబాయీ అబ్బాయీ కలిసి ఒరిస్సా వెళ్లారు. కటకంలో ఉన్నారు, పూరీ చూశారు. హౌరా నుంచి కటకానికి నేరుగా రైలు లేని కాలం. ఒరిస్సా మీద బలు వరసగా వ్యాసాలు రాశాడు: పాత ఒరిస్సా గురించి, అక్కడి పుణ్యక్షేత్రాల గురించి, ఖండగిరి గురించి, కోణార్క గురించి. మావాడు తెలుగు చెయ్యడానికి ఎంచుకున్నది ఈ చివరిది.

ఎందుకదే అంటే వాడి కారణాలు వాడికున్నాయి. మాది శ్రీకాకుళం వైపు. సెలవలకి ఇంటికి వెళ్లే ప్రతిసారీ హౌరాలో రైలెక్కి, తెల్లవారేసరికి ఒరిస్సా దాటేవాళ్లం. వాడికి చిన్నప్పట్నుంచీ కిటికీ పక్క సీటే కావాలి. ఖుర్దా రోడ్డు వచ్చిందంటే కోణార్క ఎటు వైపు అని అడిగేవాడు. పెద్దయ్యాక చరిత్ర చదువుకుని వచ్చి నాకే చెప్పాడు. కోణార్క కట్టించిన గాంగ నరసింహదేవుడి కాలంలోనే మన సింహాచలం గుడిని తిరిగి కట్టారట. ఆ గాంగుల పాత రాజధాని మన ముఖలింగం దగ్గరేనని పండితులు అంటారట. "అది వేరే దేశం గుడి కాదు మావయ్యా, మన తాతల ఊరివాళ్ల గుడి" అనేవాడు. బెంగాలీ కుర్రవాడు ఒకడు, ఒరిస్సాలో పాడుపడిన గుడి గురించి అంత ప్రేమగా రాశాడంటే, దాన్ని తెలుగువాడికి చదివి వినిపించే బాధ్యత తనదే అనుకున్నాడు.

బలు రాసేనాటికి ఆ గుడి పెద్ద శిఖరం కూలిపోయి ఉంది, ముందున్న జగమోహన మండపం నిలబడి ఉంది. అది కూడా కూలకుండా ఉండాలని 1903లో దాని లోపలంతా ఇసుకతో నింపి ద్వారాలు మూసేశారు. ఇప్పుడు మనం వెళ్లి చూసేది నోరు మూసిన గుడిని. బలు వ్యాసం అంతకుముందుది. ఆ ఒక్క కారణానికైనా దాన్ని చదవాలి. వ్యాసం కష్టమైనది. సంస్కృత సమాసాలు బరువుగా ఉంటాయి, వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో పట్టుకోవడానికి ఓపిక కావాలి. బెంగాలీలో ఉన్న తత్సమాన్ని తెలుగులో అలాగే దించేస్తే పని తేలిక, చదివేవాడికి మాత్రం ఊపిరాడదు. మావాడు ఒక్కొక్క పేరా నాలుగైదు రకాలుగా రాసి పెట్టుకున్నాడు.

బలు గదిలో కూచుని రాసుకుంటూ ఉండిపోయే రకం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చిన్న వయసులో పోయిన రచయితలందరినీ మనం పల్చటి, సున్నితమైన మనుషులుగా బొమ్మ కట్టేస్తాం. 1895లో సురేంద్రుడితో, బాబాయితో కలిసి కుష్టియాలో ఠాకూర్ కంపెనీ పెట్టాడు. జనపనార కొని బేళ్లు కట్టేవాళ్లు. చెరకు ఆడే ఇనుప గానుగలు రైతులకి అద్దెకిచ్చేవాళ్లు. తెల్లవాళ్ల కంపెనీతో పోటీ. స్వదేశీ ఉద్యమానికి పదేళ్ల ముందే దేశీ వస్తువుల వ్యాపారం మీద అతనికి మోజు. ఇంకో పక్క బ్రహ్మసమాజానికీ ఆర్యసమాజానికీ పొత్తు కుదర్చాలని పంజాబు దాకా తిరిగాడు. శాంతినికేతనంలో బ్రహ్మవిద్యాలయం పెట్టాలని పట్టుబట్టి నియమాలు రాశాడు, భవనం పని మొదలుపెట్టించాడు. ఇవన్నీ ఇరవై తొమ్మిదేళ్లు నిండని మనిషి ఒకేసారి నెత్తికెత్తుకున్న పనులు.

1899 వర్షాకాలంలో మంచం పట్టాడు. ప్రఫుల్లమయి ముసలితనంలో తన జ్ఞాపకాలు రాసింది. కొడుకు పడే బాధ చూడలేక ఆవిడ పక్కకి తప్పుకుంది. అప్పుడు రవి వచ్చి, వాడు అమ్మా అమ్మా అని పిలుస్తున్నాడు, ఒకసారి దగ్గరికి వెళ్లమని చెప్పాడు. ఆవిడ వెళ్లి పక్కన కూచుంది. కొడుకు గుర్తుపట్టాడు. కాసేపటికే అంతా అయిపోయింది. ఆవిడ భర్త, ఆ మతి లేని తండ్రి, కొడుకు పోయాక ఇంకో పదహారేళ్లు బతికాడు. ఆయన్ని చూసుకుంటూ ఆవిడ అదే ఇంట్లో ఉంది.

రవీంద్రుడి చావుల లెక్క మనలో చాలామందికి కంఠతా వచ్చు. 1884లో కాదంబరి వదిన, 1902లో భార్య, 1903లో కూతురు రేణుక, 1907లో కొడుకు శమీంద్రుడు, 1918లో పెద్ద కూతురు. ఆ లెక్కలో బలు పేరు సాధారణంగా ఉండదు. అన్న కొడుకు కదా అని వదిలేస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. మేనల్లుణ్ణో అన్న కొడుకునో పోగొట్టుకున్నవాడికి ఏడవడానికి కూడా ముందు వరుసలో చోటుండదు. తల్లిదండ్రులు ముందుంటారు, ఉండాలి కూడా. ఆ వెనక నిలబడి బియ్యం, కట్టెలు, కబుర్లు, అప్పులు చూసుకునేవాడు ఒకడుంటాడు.

ఆ చూసుకోవడం రవీంద్రుడు చేశాడు. కుష్టియా వ్యాపారం దివాళా తీసింది. ఆ అప్పు చివరికి ఆయన నెత్తిన పడింది, ఏళ్ల తరబడి తీర్చాడు. శాంతినికేతనంలో బలు కట్టించిన ఇల్లు అతను పోయాక 1899 డిసెంబరులో ప్రారంభమైంది కానీ బడి నిలబడలేదు. రెండేళ్లకి, 1901 డిసెంబరు 22న, రవీంద్రుడు అక్కడే కొద్దిమంది పిల్లలతో బ్రహ్మచర్యాశ్రమం మొదలుపెట్టాడు. వాళ్లలో ఒకడు ఆయన సొంత కొడుకు రథీంద్రుడు. అదే పెరిగి 1921కి విశ్వభారతి అయింది. మన రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి వెళ్లి ఉన్న చోటు అది. విశ్వభారతి అనగానే మనకి గడ్డం పెరిగిన గురుదేవుడు కళ్ల ముందుకి వస్తాడు. దాని పునాది దగ్గర మీసకట్టు కుర్రాడొకడు కూలీలతో మాట్లాడుతూ నిలబడి ఉండటం కూడా చూడగలిగితే బాగుండును. బాబాయి అతని పని అందుకున్నాడు, తన పద్ధతిలో మార్చుకున్నాడు, అతను ఊహించనంత దూరం తీసుకెళ్లాడు.

రాసినవి కూడా పోలేదు. 1907లో 'బలేంద్ర గ్రంథావళి' వచ్చింది. రామేంద్రసుందర త్రివేది పీఠిక రాశాడు. మావాడు కాలేజ్ స్ట్రీట్ పాత పుస్తకాల బండి దగ్గర వెతికి వెతికి పట్టుకున్నది ఆ రచనల సంపుటమే, తర్వాతి ముద్రణ, అట్ట లేదు.

ఇంతవరకూ చెప్పింది నాకు చెప్పడానికి హాయిగా ఉంది. ఇక చెప్పబోయేది అలా ఉండదు.

బలుకి 1896లో పెళ్లయింది. అమ్మాయి పేరు సాహానా. అలహాబాదులో డాక్టరుగారి కూతురు. మూడేళ్ల కాపురం, తర్వాత వైధవ్యం. ఇంకా చిన్నపిల్ల. పుట్టింటివాళ్లు తీసుకెళ్లి, మళ్లీ పెళ్లి చేద్దామనుకున్నారు. ఆ సంగతి మహర్షి చెవిన పడింది. ఇంటి కోడలికి రెండో పెళ్లేమిటి, పరువు పోతుందని ఆయన భావించాడు. ఆ పెళ్లి ఆపించి అమ్మాయిని జోడాసాంకోకి తీసుకురమ్మని ఒక మనిషిని అలహాబాదు పంపాడు. వెళ్లిన మనిషి రవీంద్రనాథుడు. వెళ్లి, తీసుకొచ్చాడు.

ఇసుక దిబ్బ మీద గొంతు చించుకుని బలూ బలూ అని పిలిచిన మనిషే ఈయన.

ఈ విషయంలో నేను ఆయన్ని వెనకేసుకు రాలేను. కాలం అలాంటిది అనే జవాబు మనం తెలుగువాళ్లం ఒప్పుకోకూడదు. వితంతు వివాహ చట్టం 1856లోనే, ఈ కలకత్తాలోనే, విద్యాసాగరుడి పట్టుదలతో వచ్చింది. మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న గౌరమ్మకీ గోగులపాటి శ్రీరాములుకీ పెళ్లి చేశాడు. ఊరు ఊరంతా వెలేస్తామంటే, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారి డబ్బు సాయం, ఇంట్లో రాజ్యలక్ష్మమ్మగారి ధైర్యం తోడు చేసుకుని చేశాడు. జమీందారీలు లేని స్కూలు పంతులు చేసిన పని, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మహర్షి ఇంట్లో జరగలేదు. తండ్రి మాట కాదనడం రవీంద్రుడికి ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. అయినా పోయిన స్నేహితుడి అప్పుని తనదనుకున్నవాడు, అతని బడిని తనదనుకున్నవాడు, అతని భార్య బతుకు దగ్గరికి వచ్చేసరికి తండ్రి తరపు మనిషై వెళ్లాడు.

తర్వాత 1910లో, మహర్షి పోయిన అయిదేళ్లకి, రవీంద్రుడు తన కొడుకు రథీంద్రుడికి బాలవితంతువు ప్రతిమని ఇచ్చి పెళ్లి చేశాడు. ఠాకూరు ఇంట్లో అదే మొదటి వితంతు వివాహం. సాహానా విషయంలో కలిగిన బాధే ఆయన చేత ఈ పని చేయించిందని అనుకోవచ్చు. గొప్ప పనే. కానీ ఒకరికి ఎగ్గొట్టింది ఇంకొకరికి ఇస్తే మొదటివారి బాకీ తీరదు.

మావాడి నోటుపుస్తకంలో కోణార్క అనువాదం మధ్యలో, మార్జినులో, ఈ సంగతి రాసి ఉంది. అడుగున పెన్సిలుతో ఒక ప్రశ్న: "ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?" నన్ను కూడా అడిగాడు అదే మాట. ఎవరూ అడిగి ఉండరురా అన్నాను. "అయితే ఈ కథలో అందరికంటే ఒంటరిది ఆవిడే" అన్నాడు.

నేనీ ఉపన్యాసానికి ఒప్పుకున్నది ముఖ్యంగా ఈ ప్రశ్న వల్ల. మావాడికి పెళ్లి కుదిరిన సంగతి మీకు తెలుసు. ఆ అమ్మాయి ఇక్కడికి వచ్చింది. వాళ్లమ్మగారి పక్కన కూచుని ఉంది. అందరి ముందూ ఆ అమ్మాయితో ఒక మాట చెప్పాలి. ముందే అడిగాను, చెప్పండి మావయ్యా అంది.

అమ్మా, ఈ సభ ప్రతి ఏడూ చేద్దామని వీళ్లనుకుంటున్నారు. నువ్వు ప్రతి ఏడూ రావాలని ఎవరూ అనుకోవడం లేదు. వస్తే మా చెల్లెలు నిన్ను పక్కన కూచోబెట్టుకుంటుంది. రాకపోతే, ఎక్కడో నీ ఇంట్లో నీ పనుల్లో ఉన్నావని సంతోషిస్తుంది. వాడి పేరు నీ మీద వేసే హక్కు మాకెవరికీ లేదు. నీకేం కావాలో అడగడానికి మాత్రం మేమున్నాం, అడుగుతాం. ఇది నా ఒక్కడి మాట కాదు, మా చెల్లెలూ బావా చెప్పమన్న మాట.

ఇక వాడి పుస్తకాల సంగతి. ఉద్యోగం పనికి సంబంధించినవి స్నేహితులు తీసుకెళ్లారు, వాళ్లకే ఉపయోగం. బెంగాలీ పుస్తకాలు, గ్రంథావళితో సహా, నా దగ్గరున్నాయి. కావలసినవాళ్లు వచ్చి చదువుకోవచ్చు, తీసుకెళ్లి తిరిగి తెచ్చివ్వచ్చు. కోణార్క వ్యాసం తెలుగు సగానికి పైగా పూర్తయింది. రైల్లో, ట్రాములో, ఆఫీసు కాయితాల వెనక రాసినవన్నీ వరసలో పెట్టాను. కొన్ని చోట్ల ఒకే పేరాకి మూడు నాలుగు రూపాలున్నాయి, వాటిలో ఏది వాడికి చివరికి నచ్చిందో గుర్తు పెట్టలేదు. ఆ ఎంపిక ఒక్కడు చేసేది కాదు. మిగిలిన భాగం చెయ్యడానికి నా బెంగాలీ చాలదు. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు ఈ హాల్లో ఉన్నారు, మీకు రెండు భాషలూ వచ్చు. వ్యాసం పెద్దదేం కాదు, కష్టమైనది. సభ అయ్యాక టీ ఇస్తున్నారు. నోటుపుస్తకం నా సంచిలో ఉంది, కిటికీ పక్క బల్ల దగ్గర కూచుంటాను.